చెరువు మీద వాలిన బాతు ఎవరిది?

సంక్రాంతి పోయిన వారానికి, ఇంకా పొద్దు పొడవకముందే, రాయలచెరువు కట్ట ఎక్కాను. రామచంద్రాపురం మండలంలో కొండల నడుమ ఉన్న ఈ పెద్ద చెరువు రాయల కాలం నాటిదని ఈ ప్రాంతం చెప్పుకుంటుంది. నీళ్ల మీద మంచు కమ్ముకొని ఉంది. కళ్లకంటే ముందు చెవులకే పని పడింది. తల మీదుగా సన్నటి ఈల ఒకటి సాగిపోయింది, దాని వెనకే మరో పది. రాత్రంతా వరిమళ్లలో మేసి ఈలబాతులు చెరువుకు తిరిగొస్తున్నాయి.

వెలుతురు కొంచెం పెరిగేసరికి కట్ట కింద బండి ఆగింది. ఇరవై ఏళ్లుంటాయేమో, ఒక కుర్రవాడు పైకొచ్చి నా పక్కన నిలబడ్డాడు. కాసేపు నీళ్ల వైపు చూసి అడిగాడు: "సార్, ఈడ బాతుల్ని కొట్టేదానికి పర్మిషన్ యాడ ఇస్తారు? చెరువు గవర్నమెంటుదే గదా, ఒకరి సొంతం కాదు గదా?" ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఎక్కడో తుంగలో దాక్కున్న నలుగురు, చేతుల్లో తుపాకులు, పక్కన నల్లటి కుక్క, ఆకాశంలోంచి రాలుతున్న బాతులు. అక్కడ సర్కారు నేలలోనే వేటాడుతున్నారట.

అతణ్ని కసురుకోవాలనిపించలేదు. మంచి ప్రశ్నే అడిగాడు. అందులో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి: చట్టం ఏమంటుంది, చెరువు ఎవరిది, దాని మీద వాలిన బాతు ఎవరిది. చిత్తూరు, తిరుపతి జిల్లాల చెరువులను దృష్టిలో పెట్టుకొని ఆ మూడింటినీ వరసగా చూడటానికే ఈ వ్యాసం.

వేట నడిచిన దారి

మన వైపు నీటిపక్షుల వేట మూడు రకాలుగా సాగింది. కడుపు కోసం పట్టేవాళ్లు, అమ్మకానికి పట్టేవాళ్లు, సరదాకు కాల్చేవాళ్లు. మొదటి రకానికి ఉచ్చు, వల, చెరువు తెలిసిన ఓపిక ఉంటే చాలు. యానాదులు, నక్కలవాళ్లు తరతరాలుగా ఈ విద్యతో బతికారు. ఏ పిట్ట ఏ వేళకు ఏ మడుగు చేరుతుందో వాళ్లకు తెలిసినంతగా పుస్తకాలు రాసినవాళ్లకు తెలియదు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్, 1862 నుంచి వెలువరించిన 'ది బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో పక్షులకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడంటే, ఆ పేర్లు ఆయనకు ఇక్కడి జనం నోటినుంచి అందినవే.

సరదా వేట తెల్లదొరలతో, జమీందార్లతో పెరిగింది. పక్షుల గురించి మొదటి పెద్ద పుస్తకాలు రాసినవాళ్లలో చాలామంది వేటగాళ్లే. కాంగ్రెసు సంస్థ పుట్టుకకు కారకుడైన హ్యూమ్, భారతదేశపు వేటపక్షుల మీద మూడు సంపుటాలు తెచ్చాడు. సలీం అలీ కూడా పక్షుల లోకంలోకి ఎయిర్ గన్ పట్టుకొనే వచ్చాడు. చిన్నప్పుడు తాను కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి, అదేం పిట్టో తెలుసుకోవాలని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గుమ్మం ఎక్కాడు. మొదట గురి, తర్వాత ఆసక్తి, ఆ తర్వాత అక్కర. చాలామంది ఈ దారినే నడిచారు. కట్ట మీద నన్ను అడిగిన కుర్రవాడు ఆ దారిలో మొదటి అడుగు దగ్గర ఉన్నాడు.

హద్దులు కూడా ఆనాడే మొదలయ్యాయి. 1912 నాటి అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం బాతులను కూడా జాబితాలో చేర్చి, గుడ్లు పెట్టే కాలంలో వేటను ఆపే వీలు కల్పించింది. అయినా కొన్నిటికి ఆ కట్టడి సరిపోలేదు. గంగా మైదానపు చిత్తడి నేలల్లో తిరిగిన గులాబీ తల బాతు ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి కనుమరుగైంది. అది ఉండే తావులు సాగులోకి పోయాయి, మిగిలినవాటిని తుపాకి తరిమింది. తావు పోవడం, తుపాకి పేలడం రెండూ జమకూడితే ఒక జాతి ఎంత తొందరగా పోతుందో చెప్పడానికి ఆ బాతు చాలు.

చట్టం ఏమంటుంది

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు బాతులు నాలుగో షెడ్యూలులో, చిన్న వేటజంతువుల వరసలో ఉండేవి. లైసెన్సు తీసుకుంటే వాటిని వేటాడవచ్చు. 1991లో చేసిన సవరణ ఆ లైసెన్సులనే ఎత్తేసింది. అంటే నా పక్కన నిలబడ్డ కుర్రవాడు పుట్టకముందే ఆ కిటికీ మూసేశారు. పర్మిషన్ ఎక్కడ ఇస్తారన్నదానికి సూటి జవాబు: ఎక్కడా ఇవ్వరు. అటవీశాఖలో, కలెక్టరేట్‌లో, పంచాయతీలో, ఏ బల్ల ముందు నిలబడినా ఇవ్వరు.

వేట అంటే కాల్చడం ఒక్కటే కాదని కొత్తవాళ్లు తెలుసుకోవాలి. చట్టం దృష్టిలో చంపడం, పట్టడం, ఉచ్చు వేయడం, వల పన్నడం, ఎర చల్లడం, తరమడం, విషం పెట్టడం అన్నీ వేటే. ప్రయత్నించి పట్టలేకపోయినా వేటే. పక్షుల విషయంలో గుడ్లు పాడుచేయడం, గూళ్లు కదిలించడం కూడా అందులోకే వస్తాయి. చుక్కబాతు చెరువుగట్టు గడ్డిలో నేల మీదే గూడు కడుతుంది. ఆ గుడ్లు ఏరి ఇంటికి తెచ్చుకున్నవాడు తుపాకి చూసి ఉండకపోయినా వేటగాడే. ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి దాంతో కొడితే తప్పులేదని కొందరు నమ్ముతారు. ఆయుధానికి సంబంధించిన చట్టం వేరు, పక్షికి సంబంధించిన చట్టం వేరు. చేతిలో ఉన్నది ఒడిసెల అయినా నేరం నేరమే.

2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలుకొచ్చింది. ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, జరిమానాలు పెరిగాయి. మామూలు నేరానికి మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అభయారణ్యంలో వేటాడితే మూడేళ్లకు తగ్గని శిక్ష, ఏడేళ్ల వరకు పోవచ్చు. జరిమానా పాతికవేలకు తగ్గదు. వేటకు వాడిన వల, తుపాకి, ఎక్కివచ్చిన బండి సైతం జప్తులోకి పోతాయి. పట్టుబడిన పక్షి రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక తిరుపతి జిల్లాకు రెండు పేరున్న పక్షి అభయారణ్యాలు వచ్చాయి. పులికాట్, నేలపట్టు. రెండూ 1976 నుంచి రక్షణలో ఉన్నవే. అక్కడ పక్షి మీద చెయ్యి వేయడమంటే ఈ పెద్ద శిక్షను కొనితెచ్చుకోవడమే.

ఇవాళ్టి వేట ఎలా ఉంది

చట్టం ఇంత గట్టిగా ఉన్నా వేట ఆగిపోలేదు, రూపం మార్చుకుంది. సాయంత్రం పక్షులు ఎగిరే దారికి అడ్డంగా కంటికి కనబడని సన్న నైలాన్ వల కడతారు. చీకట్లో ఎగిరే ఈలబాతు నేరుగా అందులో పడుతుంది. ఇంకొందరు వడ్లకు గుళికల మందు పట్టించి గట్టున చల్లుతారు. ఇది అన్నిటికంటే పాపిష్టి పద్ధతి. ఆ గింజలు తిన్న బాతు పోతుంది, నామాలకోడి పోతుంది, చచ్చిన పిట్టను తిన్న గద్ద పోతుంది, నక్క పోతుంది. ఆ మాంసం కొని వండుకున్నవాళ్ల కడుపులోకీ మందే చేరుతుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. పక్షులకు సోకే ఇన్‌ఫ్లుయెంజా వైరసులకు అడవి నీటిపక్షులే సహజమైన ఇల్లు. చాలాసార్లు వాటిలో జబ్బు పైకి కనబడదు. 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చికెన్ దుకాణాలు మూతపడటం మనం చూశాం. అడవి బాతును పట్టి, ఈకలు పీకి, ఇంటి పెరట్లో కోళ్ల పక్కనే కోయడం ఎంత పెద్ద తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. బాతు కూర మీద మనసు పడితే, కోతలయ్యాక వరిమళ్లలో మేసే పెంపుడు బాతుల మందలు మన వైపుకు ఏటా వస్తాయి. వాటి కాపరుల దగ్గర కొనుక్కోవచ్చు. అందులో చట్టానికీ చెరువుకూ చేటు లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పక్షుల వేట అనగానే వేలు నక్కలవాళ్ల మీదకో యానాదుల మీదకో పోతుంది. పొట్టకు పది పిట్టలు పట్టినవాడు దొరికిపోతాడు. వాడి చేత పట్టించి, విందుకు తెప్పించుకున్నవాడు దొరకడు. చెరువు గురించి ఇంత తెలిసినవాళ్లను నేరగాళ్లుగా మాత్రమే చూడటం అన్యాయం, తెలివితక్కువ కూడా. పక్షుల లెక్కకు, గూళ్ల కాపలాకు, చూడవచ్చినవాళ్లకు దారి చూపడానికి వాళ్లకంటే తగినవాళ్లు లేరు. ఆ పనికి కూలి ఇచ్చి పిలిస్తే వల దానంతటదే మూలపడుతుంది.

అమెరికా వాదన

కుర్రవాడి ఫోనులో ఉన్నది అబద్ధం కాదు. అమెరికాలో ప్రభుత్వ నేలల మీద, వన్యప్రాణి శరణాలయాల్లో కొన్నిటిలో సైతం, బాతుల వేటకు అనుమతి ఉంది. పైగా ఆ దేశంలో చిత్తడి నేలలను కాపాడినవాళ్లలో వేటగాళ్లు ముందు వరసలో ఉన్నారు. 1934 నుంచి పదహారేళ్లు నిండిన ప్రతి బాతు వేటగాడూ డక్ స్టాంపు కొనాలి. ఇప్పుడు దాని వెల 25 డాలర్లు. ఆ డబ్బులో నూటికి 98 వంతులు పక్షుల తావులు కొనడానికీ కాపాడటానికీ పోతుంది. అక్కడి తెలుగువాళ్ల పిల్లలు కొందరు ఈ సంగతి చెప్పి, ఇక్కడ కూడా రుసుము పెట్టి అనుమతిస్తే చెరువులు బాగుపడతాయి కదా అని అడుగుతారు. ఆ వాదనను తేలిగ్గా తోసేయకూడదు.

కానీ ఆ స్టాంపు వెనక ఏముందో చూడాలి. 1955 నుంచి ఏటా విమానాల్లో తిరిగి బాతుల సంతానోత్పత్తి తావులను లెక్కగడుతున్నారు. ఆ లెక్కను బట్టే ఆ ఏడాది ఎన్ని రోజులు, రోజుకు ఒక్కొక్కరు ఎన్ని, ఏ జాతివి అన్నది నిర్ణయమవుతుంది. ఆడబాతును మగబాతును గాలిలోనే గుర్తుపట్టలేనివాడు అక్కడ నష్టపోతాడు. ఇంత కట్టడి ఉన్నా దశాబ్దాల పాటు సీసపు గుళ్లు నీటి అడుగున పేరుకున్నాయి. బాతు గింజను అరగదీసుకోవడానికి చిన్న రాళ్లు మింగుతుంది. రాయి అనుకొని సీసం మింగి విషమెక్కి చచ్చిపోయింది. ఆ నష్టం తెలిశాకే నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను దేశమంతటా ఆపేశారు. అదీ 1991లోనే.

మన చెరువు అలాంటిది కాదు. ఒకే నీళ్లలో బట్టలుతికేవాళ్లు, గొడ్లను తోలుకొచ్చేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఈదే పిల్లలు ఉంటారు. ఒకే గుంపులో ఐదారు జాతుల బాతులు కలిసి ఉంటాయి. ఏటా ఎన్ని వచ్చాయో చెరువువారీగా లెక్క లేదు. లెక్క లేనిచోట కోత పెట్టడం అంటే పైకం చూడకుండా ఖర్చు పెట్టడమే. వేటగాళ్లు డబ్బు పెట్టి తావులను కాపాడుకున్న పద్ధతిని మనం నేర్చుకోవాలి. కాల్పులు నేర్చుకోనక్కర్లేదు.

తుపాకి లేకుండానే పోయే బాతులు

నిజానికి ఈ రెండు జిల్లాల్లో బాతులకు తుపాకికంటే పెద్ద ముప్పు చెరువు రూపం మారడం. చుక్కబాతు, సూదితోక బాతు, పారముక్కు బాతు మునిగి వేటాడేవి కావు. తోక పైకెత్తి, తల కిందికి దించి, మెడ అందినంత లోతులోనే మేస్తాయి. అంటే వాటికి కావలసింది మోకాటి లోతు నీళ్లు, వాలుగా పోయే అంచు. మట్టి కోసం జేసీబీలతో చెరువును నిటారుగా తవ్వేస్తే నీళ్లు ఎక్కువే నిలుస్తాయి, పైకి చూస్తే చెరువు బాగుపడినట్టే ఉంటుంది. కానీ బాతుకు కాలు ఆనే చోటు, మెడ అందే చోటు పోయాయి. పూడిక తీయాల్సిందే, రైతుకు నీళ్లు కావాల్సిందే. తీసేటప్పుడు ఒక వైపు అంచును వాలుగా వదిలిపెడితే చాలు. ఆ వదిలిన అంచే పక్షులకు అన్నం పెట్టే చోటు.

తక్కినవి అందరికీ తెలిసినవే. ఊరి పక్క చెరువులకు మురుగు చేరుతుంది, గుర్రపుడెక్క కమ్ముతుంది, మొరవ కాలువలు ప్లాట్ల కింద పూడిపోతాయి. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించిన రోజులు ఎవరూ మరవలేదు. చెరువు గొలుసు తెగితే బాతుకే కాదు, మనిషికీ కాళరాత్రే. పిచ్చాటూరు దగ్గరి అరణియార్ నీళ్లు తమిళనాడు మీదుగా పులికాట్‌లో కలుస్తాయి. పైన చెరువులకు ఏమవుతుందో కింద సరస్సుకు అదే అవుతుంది. అక్కడ సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడి, ఉప్పునీటి రాకపోకలు తగ్గి పులికాట్ కూడా ఇబ్బంది పడుతూనే ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు

కాల్చడం పక్కనపెడితే, వేటగాడి విద్యలో ఉన్న అందమంతా చట్టం మనకే వదిలిపెట్టింది. తెల్లవారుజామున లేవడం, గాలి వాటం చూడటం, నిశ్శబ్దంగా కూర్చోవడం, రెక్కల తీరుతో జాతిని పోల్చుకోవడం. ఇవన్నీ బైనాక్యులర్‌తో చేయవచ్చు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది ఒకటుంటే మొదటి పదేళ్లకూ సరిపోతుంది.

అక్టోబరు నుంచి మార్చి వరకు మంచి కాలం. ఈశాన్య ఋతుపవనాలతో తూర్పు వైపు చెరువులు నిండే వేళకే ఉత్తరాది బాతులు దిగుతాయి. సైబీరియా, మధ్య ఆసియాల నుంచి హిమాలయాలు దాటి వచ్చే దారి అది. అక్టోబరులో చూసి నిరాశపడొద్దు. వచ్చిన కొత్తలో మగవి కూడా ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయి. డిసెంబరు, జనవరికి గాని పెళ్లి బట్టలు కట్టవు.

మొదట ఏది బాతు కాదో తెలుసుకోవాలి. నేలపట్టులో వేలమంది చూడటానికి పోయే గూడబాతు పేరుకే బాతు, అసలు జాతి వేరు. ముక్కు కింద సంచి ఉన్న చేపల వేటగాడది. నల్లటి ఒంటికి నుదుట తెల్ల నామం పెట్టుకున్నట్టుండే నామాలకోడీ బాతు కాదు. బుడుంగున మునిగి ఇంకోచోట తేలే బుడుబుంగ కూడా కాదు. ఈ మూడూ తీసేశాక మిగిలినవాటిలో మనతోనే ఏడాదంతా ఉండేవి మూడు ముఖ్యం. ముక్కు చివర పసుపు, మొదట్లో ఎర్రచుక్క ఉండే చుక్కబాతు, గోధుమరంగు ఈలబాతు, తెల్లగా, చాలా చిన్నగా ఉండే పత్తిబాతు. పత్తిబాతు శాస్త్రీయ నామంలో మన కోరమాండల్ తీరం పేరే ఉంది. చలికాలపు చుట్టాల్లో సన్నటి పొడుగుతోక ఉన్నది సూదితోక, వెడల్పాటి ముక్కుతో నీళ్లను జల్లెడ పట్టేది పారముక్కు.

ఆ పొద్దు నా బైనాక్యులర్ ఆ కుర్రవాడి చేతికిచ్చాను. మొదట అతనికి నీళ్లు తప్ప ఏమీ దొరకలేదు. మోచేతులు కట్ట రాళ్ల మీద ఆనించమన్నాను. రెండు నిమిషాల తర్వాత ఊపిరి బిగబట్టి, "సార్, ఒగదానికి కంటి మీద తెల్లగీత ఉండాది, మెడదాకా దిగిండాది" అన్నాడు. మగ గార్గనే బాతు. సైబీరియా దాకా పోయివచ్చే పక్షి, గుప్పెడు తల మీద నెలవంక లాంటి గీత. అతను దాన్ని పది నిమిషాలు వదల్లేదు. ఫోను జేబులోనే ఉండిపోయింది.

చూడటం అలవాటయ్యాక లెక్క రాయడం మొదలుపెట్టాలి. చెరువు పేరు, తేదీ, వేళ, ఏ జాతి ఎన్ని. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క 1987 నుంచి జరుగుతోంది, అందులో మామూలు మనుషులే పాల్గొంటారు. పక్షుల లెక్కలు నమోదుచేసే వెబ్‌సైట్ ఇ-బర్డ్‌లో ఎక్కిస్తే మీ ఊరి చెరువు ప్రపంచపు లెక్కలో చేరుతుంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ 1991లో తన లోయను పక్షుల రక్షిత ప్రదేశంగా ప్రకటించుకొని, తర్వాత దేశమంతటికీ ఉత్తరాల ద్వారా పక్షిశాస్త్రం నేర్పింది. సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్‌కు వెళ్లండి. రద్దీ తగ్గిన మర్నాడు శ్రీహరికోట రోడ్డు మీద మళ్లీ వెళ్లండి, అప్పుడు నిజంగా చూస్తారు. గూళ్ల దగ్గరికి పోవద్దు, డ్రోన్ ఎగరేయొద్దు, అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు.

ఉమ్మడి అంటే

ఇక మిగిలిన ప్రశ్న: చెరువు ఎవరిది? అది ఒకరిది కాదు కాబట్టి ఎవరైనా పట్టుకోవచ్చని ఆ కుర్రవాడి లెక్క. పాత లెక్క అది కాదు. చెరువు అందరిదీ కాబట్టే నీళ్లు పంచడానికి నీరుగంటిని పెట్టారు, తూముకు వంతులు పెట్టారు, ఏటా కట్టకు మట్టి వేశారు. ఉమ్మడి సొత్తు అంటే ఉమ్మడి కాపలా.

దీనికి మన పక్కనే గొప్ప సాక్ష్యం ఉంది. చెంగల్పట్టు దగ్గరి వేడంతాంగల్ చెరువు పక్షులను సిపాయిలు కాలుస్తుంటే ఊరివాళ్లు కలెక్టరు లయనెల్ ప్లేస్ దగ్గరికి పోయి మొరపెట్టుకున్నారు. పక్షుల రెట్టతో బలపడిన నీళ్లే తమ మళ్లకు ఎరువని వాళ్లకు తెలుసు. 1798లో పక్షులను కాల్చకూడదని వాళ్లకు కౌలు దక్కింది. పక్షులను కాపాడమని ఏ చట్టమూ చెప్పని రోజుల్లో రైతులు అడిగి రాయించుకున్న కాగితమది.

ఆ కాగితాన్ని మనమూ రాసుకోవచ్చు. ఏటా చెరువు చేపల వేలం పాట జరుగుతుంది, షరతులు రాస్తారు. వాటిలోనే ఇంకో నాలుగు వాక్యాలు చేరిస్తే చాలు. చలికాలంలో చెరువును పూర్తిగా ఎండగట్టకూడదు. చీకటిపడ్డాక పక్షుల దారికి అడ్డంగా వలలు ఉండకూడదు. పూడిక తీసేటప్పుడు ఒక అంచు వాలుగా వదలాలి. గట్టున మందు గింజలు కనబడితే పాట రద్దు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, గ్రామసభలో చెయ్యెత్తే మనుషులు కావాలి.

పొద్దెక్కాక ఈలబాతులు తుంగ నీడకు చేరాయి. వెళ్తూ వెళ్తూ ఆ కుర్రవాడు ఈసారి వేరే ప్రశ్న అడిగాడు: "సార్, ఆ తెల్లగీతది ఎన్ని ఉండాయో ఎవురన్నా రాసి పెట్టినారా?" ఈ చెరువుకు నాకు తెలిసి ఎవరూ రాయలేదన్నాను. నా నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి ఇచ్చాను. పైన రాయలచెరువు అని రాసి, తేదీ వేసి, పదకొండు అని అంకె వేశాడు.